ప్రపంచానికి ఒక మెమో

మధురానగర్,
16 ఆగస్టు 2005.

కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు శ్రీ బుచ్చిబాబు గారికి,
నమస్కారాలు.

నా పేరు శ్రీలేఖ. మీ కమ్యూనిటీ హాలు వెనక సందులో ఉన్న లేడీస్ హాస్టల్లో ఉంటాను. మాది తణుకు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. నిన్న సాయంత్రం మీ ఇంటికొచ్చి నోరు తెరవబోతే మీరు తెరవనివ్వలేదు. "ఏదైనా రాతపూర్వకంగా ఇవ్వాలమ్మా, సంఘంలో నోటిమాట చెల్లదు" అని గోడమీది బోర్డు చూపించారు. అందుకని, కేకేస్తే వినిపించేంత దూరంలో ఉండి కూడా ఉత్తరం రాస్తున్నాను.

విషయం ఇదండీ. మా కోచింగు సెంటర్ల కుర్రకారు కొందరం కలిసి ‘జవాబు’ అని ఒక యువ బృందం పెట్టుకున్నాం. 2000 సంవత్సరంలో దేశదేశాల నాయకులంతా ఒకచోట చేరి, 2015 కల్లా ప్రపంచంలో కటిక పేదరికాన్ని సగానికి తగ్గిస్తామని మాట ఇచ్చారు. ఐదేళ్ళు గడిచాయి. ఎంత తగ్గింది, తగ్గకపోతే బాధ్యత ఎవరిది అని అడగడానికి ఏ పేదవాడికీ దారి లేదు. మాటిచ్చినవాళ్ళు ఆ మాట ఎవరి కోసం ఇచ్చారో వాళ్ళ ముందు కూర్చుని జవాబు చెప్పాలన్నది మా డిమాండు.

సెప్టెంబరు నాలుగు, ఆదివారం ఉదయం పది గంటలకు మీ హాల్లో ఈ సభ పెట్టాలని ఉంది. బోరబండ నుంచి కూలికి వెళ్ళే ఆడవాళ్ళు వస్తారు. వేదిక మీద ఒకటే కుర్చీ ఉంటుంది. దాని పేరు జవాబు కుర్చీ.

ఆ కుర్చీ ఎందుకో చెప్పాలి. మా హాస్టల్లో వంట చేసే బోరబండ మణెమ్మను సభకి పిలిస్తే, ఆవిడ చపాతీ తిప్పుతూనే అంది: "మీటింగులకు మస్తు పోయినం బిడ్డా. బండెక్కిస్తరు, పులిహోర పొట్లం ఇస్తరు, పైన కూసున్నోళ్ళు చెప్తనే ఉంటరు. జవాబు చెప్పెటోడు ఒక్కడు సుత కానరాలె." ఈసారి ఒకరు వాళ్ళ ముందు కూర్చుని జవాబు చెప్తారని ఆవిడకి నేను మాటిచ్చాను. అది నిలబెట్టుకోకపోతే నాకూ ఆ నాయకులకీ తేడా ఉండదు.

మేం అన్ని పెద్ద కార్యాలయాలకీ పంపిన లేఖ ప్రతి ఒకటి సమాచారం కోసం జతచేస్తున్నాను. దయచేసి హాలు ఇప్పించండి.

ఇట్లు,
శ్రీలేఖ

తా.క.: మీ మైకు కుయ్యిమంటుందని తెలుసు. ఫరవాలేదు, మేమూ అంతే.

ఇంకో తా.క.: హాలు ముందు కుళాయికి తాళం ఉంది. ఆ ఒక్కరోజు తీయించగలరా? వాళ్ళు బోరబండ నుంచి ఎండలో నడిచి వస్తారు.

*

మధురానగర్,
19 ఆగస్టు 2005.

కుమారి శ్రీలేఖ గారికి,

విషయం: నాపై ఆరోపణలు, సంజాయిషీ సమర్పించుట గురించి.
సూచిక: మీ లేఖకు జతపరచిన అభియోగ పత్రం.

లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో చేరి, అందులోనే సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ని. హాలు అడిగే కాగితం వెనక ఇంకో కాగితం ఎందుకు జతచేస్తారో నాకు ఒకరు నేర్పక్కర్లేదు. ‘సమాచారం కోసం’ అని రాసి పంపిన ప్రతి నిజంగా సమాచారం కోసమే వచ్చిందని నా సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా రుజువు కాలేదు. అది వచ్చిందంటే అందుకున్నవాడు సంజాయిషీ రాసుకోవాలి. రాస్తున్నాను.

మీ అభియోగ పత్రం ఇలా మొదలవుతుంది: "అయ్యా, 2000 సంవత్సరంలో మీరు అందరి ఎదుటా మాట ఇచ్చారు. ఐదేళ్ళైంది. ఆకలి, నీళ్ళు, ఆడపిల్లల చదువు, తల్లుల ఆరోగ్యం, దేనికీ జవాబు లేదు. ఇక జనం ముందుకు రండి." నేను ఈ సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికైంది 2000 సంవత్సరంలోనే. పేరు రాయకుండా ‘అయ్యా’ అన్నంత మాత్రాన ఆ అయ్య ఎవరో తెలియకపోదు.

పేదరికం సగానికి తగ్గిస్తానని నేను ఎవరికీ మాటివ్వలేదు. ఆ ఎన్నికల్లో నేను సగానికి తగ్గిస్తానన్నది దోమల్ని. మిగతా సగం మున్సిపాలిటీ బాధ్యత. ఆకలి సంగతంటారా, ఈ కాలనీలో ఆకలితో ఎవరైనా ఉంటే అది మీ హాస్టళ్ళ వాళ్ళే, ఆ విషయం మీ వార్డెనును అడగాలి. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయి. రాని రోజున రాలేదని నోటీసు కూడా పెడుతున్నాను. ఆడపిల్లల చదువుకి నేను అడ్డుపడ్డానా? గోడకొక కోచింగు పోస్టరు, మేడకొక లేడీస్ హాస్టలు. తెల్లారకముందే లేచి జావా బట్టీ పడుతున్నారు. ఇంతకన్నా చదివించడం నావల్ల కాదు. తల్లుల ఆరోగ్యం విషయంలో, నాకు బాగా తెలిసిన తల్లి నా భార్య కమలకుమారి. మోకాళ్ళు మినహా కులాసా.

ఆరోపణలు తేలేవరకూ హాలు దరఖాస్తు పెండింగులో ఉంచడమైనది. కుళాయి తాళం విషయం అప్రస్తుతం.

భవదీయుడు,
బుచ్చిబాబు
అధ్యక్షుడు

తా.క.: మీ అభియోగ పత్రం మా ఆవిడ చదివింది. అందులో ఉన్నవన్నీ పెళ్ళైన కొత్తలో నేను తనకి చేసిన వాగ్దానాలేనని, మీతో పాటు సంతకం పెడతానని అంటోంది. ప్రోత్సహించకండి.

ఇంకో తా.క.: సంతకాల్లో తారక్ అని ఒకడున్నాడు. మా రెండో అంతస్తులో అద్దెకుంటాడు. రోజూ గేటు తీసి వదిలేసేది అతనే. ప్రపంచాన్ని జవాబు అడిగే ముందు ఆ గేటు వేయమనండి.

*

మధురానగర్,
22 ఆగస్టు 2005.

బుచ్చిబాబు గారికి,
క్షమాపణలతో నమస్కారాలు.

మీ జవాబు రిజిస్టర్డ్ పోస్టులో అందింది. ఈ సందులోంచి ఆ సందుకి రావడానికి ఊరంతా చూసి వచ్చినట్టుంది, కవరు మీద ముద్రలే ముద్రలు.

అయ్యో, ఆ లేఖ మీ గురించి కాదండీ! ‘అయ్యా’ అన్నది దేశాధినేతల్ని, ప్రపంచ స్థాయి సంస్థల పెద్దల్ని. ఒక్కొక్కరి పేరూ పైన విడిగా రాసి పంపాం. మీకిచ్చిన ప్రతి మీద పేరు రాయలేదు, అంతే. సమాచారం కోసం అంటే మా భాషలో సమాచారం కోసమేనండీ. మా నాన్నగారిది కొట్టు వ్యాపారం, ఆఫీసు మర్యాదలు మా ఇంట్లో ఎవరికీ తెలియవు.

కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. రాయబార కార్యాలయాలకి రాశాం. బ్యాంకులకి రాశాం. పంజాగుట్టలో అద్దాల మేడలో ఉన్న అంతర్జాతీయ అభివృద్ధి సమన్వయ మండలికి మూడుసార్లు ఈమెయిలు పంపాం. "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని కంప్యూటరు దానంతటదే జవాబిచ్చింది, మూడుసార్లూ అదే. ఇంత పెద్ద ప్రపంచంలో ఆకలికీ, నీళ్ళకీ, చదువుకీ, తల్లులకీ విడివిడిగా జవాబు రాసింది మీరొక్కరే. చేయని తప్పుకి కూడా!

మీ జవాబు హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. దోమల దగ్గర నవ్వారు గానీ, మణెమ్మ నవ్వలేదు. "గాయన మంచోడే బిడ్డా. అడిగితె చెప్తుండు" అంది.

ఆదివారం దగ్గరపడుతోంది. హాలు ఇప్పించండి బాబాయ్ గారూ. అలా పిలవొచ్చు కదా?

ఇట్లు,
శ్రీలేఖ

తా.క.: తారక్‌తో గేటు గురించి మాట్లాడాను. వ్యవస్థలో లోపం అంటున్నాడు. గొళ్ళెం లోపం అని నా అనుమానం.

*

మధురానగర్,
25 ఆగస్టు 2005.

చిరంజీవి శ్రీలేఖకు,
ఆశీస్సులు. బాబాయ్ అని పిలవడానికి అభ్యంతరం లేదు. రికార్డు చేసుకున్నాను.

నీ వివరణ తృప్తికరంగా ఉంది. కానీ ఆలస్యంగా అందింది. సంఘానికి వచ్చిన ప్రతి కాగితాన్నీ నోటీసు బోర్డులో అతికించాలన్నది నేనే పెట్టిన నియమం. దాని ప్రకారం నీ ‘అయ్యా’ లేఖ అతికించాను. న్యాయం కాబట్టి పక్కనే నా సంజాయిషీ కూడా అతికించాను. అవి రెండూ చదివిన కాలనీ ఏమనుకుందో ఊహించుకో. ఆరోపణ ఒక్కటే ఉంటే పిల్లల అల్లరి అనుకునేవాళ్ళు. సంజాయిషీ కూడా ఉండేసరికి ఏదో జరిగే ఉంటుందని తేల్చేశారు.

ఉపాధ్యక్షుడు రాజమల్లు దీనికోసమే కాచుకుని ఉన్నాడు. పంజాగుట్టలో టైలరింగు షాపు అతనిది, ఇంటర్వ్యూలకెళ్ళే మీ కుర్రాళ్ళకి కోట్లు కుట్టేది అతనే. మూడుసార్లు నా మీద పోటీ చేసి ఓడిపోయాడు. నిన్న నోటీసు ఇచ్చాడు. సెప్టెంబరు నాలుగు, ఆదివారం ఉదయం పది గంటలకు, మన హాల్లోనే, నా మీద విచారణకి సర్వసభ్య సమావేశమట. అంచేత హాలు ఇప్పుడు నా చేతిలో లేదు.

అది అలా ఉంచు. మీకు ఎవరూ ఎందుకు జవాబివ్వలేదో మీ లేఖ రెండోసారి చదివాక నాకు అర్థమైంది. రాత బాగుంది, కన్నీళ్ళు కూడా పెట్టించింది. అదే దాని లోపం. దానికి నంబరు లేదు. గడువు లేదు. ‘తక్షణం’ అన్నారు. తక్షణం అనే రోజు ఏ ఆఫీసు క్యాలెండరులోనూ ఉండదమ్మా. కంటతడి పెట్టినవాడు కళ్ళు తుడుచుకుని ఇంకో ఫైలు తీసుకుంటాడు. వాళ్ళని అడగాల్సింది జాలి కాదు, సంజాయిషీ. దానికి మెమో ఇవ్వాలి.

నమూనా రాసి పంపుతున్నాను. చివరి వాక్యం మటుకు మార్చకు: "పై గడువులోగా స్వయంగా హాజరై సమాధానం ఇవ్వని పక్షంలో, మీరు చెప్పుకొనదగినది ఏమీ లేదని భావించి తదుపరి చర్య తీసుకొనబడును."

నీ శ్రేయోభిలాషి,
బుచ్చిబాబు

తా.క.: ఈమెయిలులో పంపకు. దాని మీద ‘అందినది’ అని ముద్ర ఎక్కడ వేస్తారు? ముద్ర పడని కాగితం పుట్టనట్టే లెక్క.

*

మధురానగర్,
28 ఆగస్టు 2005.

బాబాయ్ గారికి నమస్కారాలు.

మెమో టైపు చేయించాను. ఇంటర్నెట్ సెంటరు అతను చివరి వాక్యం చూసి డబ్బులు తీసుకోనన్నాడు, ఎందుకో భయపడ్డాడు. నాకొక సందేహం బాబాయ్ గారూ. తదుపరి చర్య అంటే ఏంటి? మనం ప్రపంచం మీద ఏం చర్య తీసుకుంటాం?

రాజమల్లు గారు హాస్టలుకి వచ్చారు. నాకు బ్లేజరు కుట్టి ఇస్తానన్నారు, కూలి వద్దట. "గట్టిగ రాసిన్రు మేడం. ఐదేండ్ల సంది మేము నోటితోని మొత్తుకుంటున్నం, ఆయన బోర్డు సూపిస్తుండు. మీరు కాగితం మీద పెట్టిన్రు. ఇంకో రెండు రాయున్రి, ఫికర్ చెయ్యకున్రి, కుర్చీలు నేను తెప్పిస్త" అన్నారు. అది మీ గురించి కాదు, ప్రపంచ నాయకుల గురించి అని ఎంత చెప్పినా కన్ను గీటారు. "సమజైంది మేడం. పేరెందుకు, ప్రపంచం అనే అందాం" అని వెళ్ళిపోయారు. ఆ తర్వాత కాలనీ వాళ్ళు ముగ్గురు నా చేతిలో చేయి వేసి, ప్రపంచం ఈసారి దిగిపోవాల్సిందే అన్నారు.

నావల్ల మీకీ తలనొప్పి. ఇది పొరపాటని నేను బోర్డులో వివరణ పెడతాను. సభ ఎక్కడైనా పార్కులో పెట్టుకుంటాం. ఒక్కటే బాధ. బోరబండ వాళ్ళు ఇళ్ళలో పనికి రామని ముందే చెప్పేశారు, ఆ రోజు కూలి పోయినట్టే. వాళ్ళని పార్కులో ఖాళీ కుర్చీ ముందు కూర్చోబెట్టడం తలుచుకుంటే సిగ్గేస్తోంది. మణెమ్మ రోజూ అడుగుతోంది: "ఎవలు కూసుంటరు బిడ్డా?" రోజూ వస్తారనే చెప్తున్నాను. వచ్చేలా చేస్తాను కూడా. ఎలాగో ఇంకా తెలియదు.

మీ
శ్రీలేఖ

తా.క.: కుళాయి గురించి మీరు మళ్ళీ రాయలేదు.

*

మధురానగర్,
31 ఆగస్టు 2005.

అమ్మాయ్ శ్రీలేఖకు,
ఆశీస్సులు.

నువ్వు బోర్డులో వివరణ పెడితే నేను చింపేస్తాను. నా జీవితంలో కాగితం చింపడం అదే మొదటిసారి అవుతుంది, ఆ పాపం నీకెందుకు? నేను అధ్యక్షుణ్నైనప్పటి నుంచీ సర్వసభ్య సమావేశానికి కోరం వచ్చింది లేదు. ఉప్మా పెట్టినా రాలేదు. ఇప్పుడు నన్ను నిలదీయడానికి కాలనీకి కాలనీ వస్తానంటోంది. ఇంత జనం దొరికితే వదులుకుంటామా? రెండు సభలూ ఒకే హాల్లో, ఒకే సమయానికి పెడదాం. నీ జవాబు కుర్చీ వేదిక మీద వెయ్యి. ప్రపంచం వచ్చేదాకా అందులో నేను కూర్చుంటాను. కుర్చీ అంటూ ఉన్నాక ఖాళీగా ఉండకూడదు.

గడువు నాలుగో తేదీ పది గంటలు, చోటు మన హాలు అని మెమోలో నింపి నేనే స్వయంగా అందజేశాను. పంజాగుట్టలో ఫ్లైఓవరు పనులు, బస్సు కదలదు. దిగి నడిచాను. అద్దాల మేడ దగ్గర సెక్యూరిటీవాడు అపాయింట్‌మెంటు ఉందా అన్నాడు. మెమో తీసుకునేవాడికి కావాలి గానీ ఇచ్చేవాడికెందుకయ్యా అన్నాను. పైన వంశీకృష్ణ అని టై కట్టుకున్న కుర్రాడు కాఫీ ఇవ్వబోయాడు. కాఫీ వద్దు, ముద్ర వెయ్యమన్నాను. అతను మెమో చదివాడు. చివరి వాక్యానికి వచ్చేసరికి కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. నాకు నా సర్వీసు గుర్తొచ్చింది.

తదుపరి చర్య ఏమిటని అడిగావు. నేనెన్నో మెమోలు ఇచ్చాను, ఎవరికీ అదేమిటో చెప్పలేదు, ఎవరూ అడిగే ధైర్యం చేయలేదు. దాని బలమంతా అందులోనే ఉంది. నువ్వు కూడా ఇంకెవరి దగ్గరా అడగకు.

నీ
బాబాయ్

తా.క.: అంత పెద్ద సంస్థలో ‘అందినది’ ముద్ర లేదట! జాలేసింది. మన సంఘం ముద్ర జేబులోనే ఉంది కనుక, అదే వేసి, ఆ అబ్బాయి చేత కింద సంతకం చేయించాను.

ఇంకో తా.క.: కుళాయి ఎజెండాలో లేదు.

*

మధురానగర్,
5 సెప్టెంబరు 2005.

బాబాయ్ గారికి నమస్కారాలు.

నిన్నటి సభలో మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను. అయినా జరిగింది జరిగినట్టు రాసిస్తే తప్ప జరిగినట్టు కాదని సభ ముగిశాక చెప్పారు. అందుకని రాస్తున్నాను. అబద్ధం ఉంటే బోర్డులో పెట్టండి.

హాలు కిక్కిరిసిపోయింది. కాలనీ వాళ్ళు కిటికీల వైపు, బోరబండ వాళ్ళు తలుపు వైపు. రెండు పక్కల వాళ్ళకీ రెండో పక్క వాళ్ళు ఎందుకొచ్చారో తెలియదు. మీరు ఇస్త్రీ చొక్కాతో వచ్చి జవాబు కుర్చీలో కూర్చున్నారు. రాజమల్లు గారు కొత్త సఫారీలో లేచి, మైకు అందుకుని, అది కుయ్యిమని ఊరుకున్నాక "దోమల సంగతి జర చెప్పున్రి సారూ" అన్నారో లేదో, తలుపు దగ్గర కలకలం. వంశీకృష్ణ గారు చంకలో ఫైలుతో నిలబడి ఉన్నారు. మీ మెమో ఫైలు పైనే ఉంది.

ఎలా వచ్చారండీ అని అడిగితే, నా చెవి దగ్గరికొచ్చి చెప్పారు: "మా నాన్నగారు మండలాఫీసులో గుమాస్తా అండీ. ఒకసారి మెమో వస్తే మా ఇంట్లో పండగ మానేశారు. జవాబివ్వకుండా ఊరుకోవడం మా వంశంలో లేదు. పైవాళ్ళని అడిగితే ఆదివారం సెలవు కదా అన్నారు. నా సెలవే కదా అని వచ్చేశాను."

కాలనీ వాళ్ళు ఆయన్ని ఆడిటరు అనుకున్నారు. రాజమల్లు గారు ఆ దోమల ప్రశ్నే ఆయన వైపు తిప్పారు. ఆయన ఫైలు తీసి, మలేరియా తగ్గించడం కూడా ఆ ప్రపంచ వాగ్దానాల్లో ఉందండీ అన్నారు. తగ్గిందా? అనుకున్నంత తగ్గలేదండీ. కాలనీ వాళ్ళంతా చప్పట్లు. రాజమల్లు గారి మొహం చూడాలి! తను ఇన్నాళ్ళూ ప్రపంచ స్థాయి ప్రశ్న అడుగుతున్నానని ఆయనకి అప్పుడే తెలిసింది.

అప్పుడు మణెమ్మ లేచింది. కొంగు బిగించుకుని, మైకు వద్దని పక్కకి జరిపేసింది.

"సారూ, మా బోరబండకు వారానికొక్క నీళ్ళ ట్యాంకర్ అస్తది. అది అచ్చిన దినం పని బంద్, కొట్లాట. మా చెల్లె హైటెక్ సిటీల ఊడ్వనీకె పోతది. ఆడ గడ్డికి దినాం రెండు పూటల నీళ్ళు పడ్తరట. గడ్డికి నీళ్ళియ్యాలని ఎవలో సంతకం పెట్టిన్రు. మాకు పెట్టెటోళ్ళు ఎవలు?"

వంశీకృష్ణ గారు ఫైలు తిప్పారు. మళ్ళీ తిప్పారు. తర్వాత మూసేసి, "నా దగ్గర జవాబు లేదమ్మా. మీ ప్రశ్న రాసుకుని పైకి పంపుతాను" అన్నారు. జవాబు లేదని ఒక టై కట్టుకున్న మనిషి జనంలో నిలబడి ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆవేశం వచ్చింది. పదిహేను రోజుల్లో ఆ జవాబు నేను తెస్తానని అందరి ముందూ మాటిచ్చేశాను. మీరు వేదిక మీంచి కళ్ళతో వారిస్తూనే ఉన్నారు, చూడలేదు.

మణెమ్మ కూర్చోలేదు. మీ వైపు తిరిగింది. "సారూ, గీ హాలు ముందల నల్లాకు తాళం ఎవలేసిన్రు? మేము ఈ కాలనీల ఇరవై ఇండ్లల్ల పని చేస్తం. గొంతు తడుపుకునుడు ఎక్కడ?"

మీరు తడబడటం అదే మొదటిసారి చూశాను. కళ్ళజోడు తీసి తుడిచి, లేచి నిలబడి, మెమోకి జవాబు చెప్పినట్టే చెప్పారు: "తాళం వేయించినది నేను. కారణం, బిందెల వల్ల హాలు ముందు తడి. కారణం సరిపోదు." జేబులోంచి తాళంచెవుల గుత్తి తీశారు. తీర్మానం లేకుండా కుదరదని రాజమల్లు గారు అడ్డుపడి, మళ్ళీ ఆయనే తీర్మానం ప్రతిపాదించారు. ఐదేళ్ళ తర్వాత వచ్చిన కోరం అంతా చేతులెత్తింది. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచి ఉంచుతానని మీరు మాటిచ్చారు. మిమ్మల్ని దించాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

బాబాయ్ గారూ, కుళాయి కింద దోసిలి పట్టి మణెమ్మ నీళ్ళు తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. అక్కడే నిలబడి ఏడ్చాను. ప్రపంచాన్ని కుర్చీలో కూర్చోబెట్టొచ్చని నాకు ఇప్పుడు పూర్తి నమ్మకం.

మీ
శ్రీలేఖ

తా.క.: పిన్నిగారు మీరు దిగగానే ఆ జవాబు కుర్చీని ఇంటికి పట్టుకెళ్ళారని తారక్ చెప్పాడు. మీ ఇంటి హాల్లో వేశారట. ధైర్యంగా ఉండండి. గేటు తీసే ఉందట, దాన్ని అటునుంచే తీసుకెళ్ళారు.

*

బోరబండ,
21 సెప్టెంబరు 2005.
నెం. బో/1

శ్రీలేఖ బిడ్డకు, బుచ్చిబాబు సారుకు,
మణెమ్మ దండాలు.

విషయం: మీరిద్దరు ఇచ్చిన మాటలు.
సూచిక: ఆదివారం మీరే ఏసిన కుర్చీ.

నేను సిరిసిల్లల ఏడు దాక సదువుకున్న. రాసుడు మర్సిపోయిననుకున్న, పోలె. మంది ముందల నిలబడితె నోరు లేస్తదని తెల్వది నాకు, గా దినమే తెల్సింది. గది మీ పుణ్యమే. గది గదే, గిది గిదే.

సారూ, నల్లా పది దినాలు మంచిగ తెరిసి ఉండె. పోయిన బేస్తారం నుంచి మళ్ళ తాళం ఉంది. అమ్మగారిని అడిగితె, సారు నిద్రల సుత తాళాలు ఏస్తడు, అలవాటట. అలవాటు కారణం సరిపోదు.

బిడ్డా, పదిహేను దినాలల్ల జవాబు తెస్తనన్నవు. మొన్ననే గడువు అయిపోయింది. వంటింట్ల నన్ను సూసి ఎనకకు మర్లిపోతున్నవు. నాకు నువ్వంటె పాణం. గని, చపాతీలు వద్దని ఉపాసం పండుకుంటె జవాబు రాదు. రాకుంటె రాలేదని అచ్చి చెప్పు. రానోళ్ళ మీద ఇంకో కాగితం రాద్దాం. సంతకాలకు మా బస్తీల నాలుగు గల్లీలున్నయి.

అందుకని మీరిద్దరు అచ్చే ఆదివారం పొద్దుగాల పది గంటలకు బోరబండ మా గల్లీకి రావాలె. కుర్చీలు మేమేస్తం, ఈసారి రెండు. పులిహోర పొట్లాలు సుత ఇస్తం. రాజమల్లు సారు తోలుకొస్తనన్నడు. గడువులోపల రాకుంటె, మీరు చెప్పుకునేది ఏం లేదనుకొని తదుపరి చర్య తీసుకొనబడును. గదేందని అడగకున్రి.

ఇట్లు,
మణెమ్మ
బోరబండ ఆడోళ్ళందరి తరఫున

తా.క.: ముద్ర ఆలుగడ్డ కోసి చెక్కినం. అనుమానముంటె వాసన సూడున్రి.

ఇంకో తా.క.: మా ఇంటికి గేటు లేదు. తారక్ సుత రావొచ్చు.

ప్రతి: అద్దాల మేడ వంశీకృష్ణ సారుకు, సమాచారం కోసం. సమాచారం కోసమంటె ఏందో తెల్వకుంటె బుచ్చిబాబు సారును అడుగున్రి.